పడమట బైకు, తూర్పున జెట్ స్కీ

ఆదివారం తెల్లవారుజామున కురిచేడు నుంచి బండి తీసే కుర్రాళ్లకు దారుల కొదవ లేదు. దొనకొండ మీదుగా మార్కాపురం, అక్కణ్నుంచి పెద్దదోర్నాల, ఆపైన నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం. వినుకొండ వైపు తిరిగితే కారెంపూడి, మాచర్ల, ఎత్తిపోతల, నాగార్జునసాగర్. ఇంకాస్త దూరం పోవాలనిపిస్తే కంభం, గిద్దలూరు దాటి దిగువమెట్ట అడవిలోంచి నంద్యాల. వీటిలో ఏ దారికీ లక్షలు పోసి కొన్న పెద్ద బండి అక్కర్లేదు. వారమంతా పాల క్యాను, ఎరువు బస్తా మోసిన స్ప్లెండరే ఆ రోజుకి టూరింగ్ బైకు.

ఈ మధ్య వీళ్ల మాటల్లో ఇంకో బండి వినిపిస్తోంది. నీళ్ల మీద పరుగెత్తే జెట్ స్కీ. విశాఖ రుషికొండలోనో, విజయవాడ భవానీ ద్వీపంలోనో, గోవాలోనో ఒక్కసారి ఎక్కి దిగినవాడు ఊరికొచ్చి పదిమందికి చెబుతాడు. ఫోన్లో వీడియో చూపిస్తాడు. మన కంభం చెరువులో పెట్టొచ్చు కదా, సాగర్ కాలువలో పెట్టొచ్చు కదా అన్న మాట అక్కడే పుడుతుంది.

ఆ కోరికలో తప్పు లేదు. చోటు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. కంభం చెరువు, సాగర్ కాలువ, శ్రీశైలం జలాశయం, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ జెట్ స్కీకి చోటు కాదు. ప్రకాశం జిల్లాలో దానికి తగిన చోటు తూర్పు కొసన, ఒంగోలు దాటాక వచ్చే కొత్తపట్నం తీరం. అక్కడ పద్ధతిగా ఏర్పాటు చేయిస్తే పడమటి కుర్రాళ్లకు బండి ప్రయాణం, నీళ్ల మీద ఆట రెండూ ఒకే రోజులో దక్కుతాయి.

ఈ రెండు సరదాలూ ఒకే మనిషిని పట్టుకోవడం వెనక ఓ చరిత్ర ఉంది. జెట్ స్కీకి రూపం ఇచ్చింది ఒక మోటార్ సైకిల్ రేసరే. అమెరికాకు చెందిన క్లేటన్ జేకబ్‌సన్ మోటోక్రాస్ పిచ్చి ఉన్నవాడు. మట్టి మీద బైకు ఇచ్చే ఆనందాన్ని నీళ్ల మీదికి తేవాలని 1960ల్లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1968లో కెనడా కంపెనీ బాంబార్డియర్ సీ-డూ పేరుతో ఒకటి తెచ్చింది. 1973లో కవాసాకి తన జెట్ స్కీని బజారులోకి దించింది. 1986లో యమహా వేవ్ రన్నర్ వచ్చింది. కొన్నేళ్లు హోండా కూడా ఈ బండ్లు తయారు చేసింది. చేతిలో హ్యాండిల్, బొటనవేలి కిందో పిడికిట్లోనో యాక్సిలరేటర్, ఒళ్లు వంచితే వంగే బండి, ముఖాన కొట్టే గాలి. బైకు ఇష్టపడ్డవాడికి ఇది నచ్చకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ముందు ఉన్న సంపద సంగతి. పశ్చిమ ప్రకాశానికి రోడ్ల విషయంలో అదృష్టం కలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా తోకపల్లి దాకా 765వ నంబరు జాతీయ రహదారి. నాగార్జునసాగర్ నుంచి మాచర్ల, యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి మీదుగా దక్షిణానికి పోయే 565. అనంతపురం నుంచి గిద్దలూరు, కంభం, వినుకొండ మీదుగా గుంటూరు చేరే 544డి. మూడు హైవేలూ మార్కాపురం చుట్టుపక్కలే తిరుగుతాయి. త్రిపురాంతకంలో కొండ మీద శివాలయం, మార్కాపురంలో చెన్నకేశవుడి గుడి, పలకల గనుల దగ్గర రోడ్డు పక్కన గుట్టలుగా పోసిన నల్లరాతి ముక్కలు, దొనకొండలో బ్రిటిష్ వాళ్ల కాలపు విమానాశ్రయం, సీఎస్ పురం దగ్గర భైరవకోన గుహాలయాలు. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని ఉన్న ప్రాంతాన్ని ఏ పర్యాటక ప్రకటనలోనూ బైకు దారిగా చూపించకపోవడం వెలితి.

ఈ దారుల్లో అన్నిటికన్నా అందమైనదీ, అన్నిటికన్నా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపాల్సినదీ దోర్నాల నుంచి శ్రీశైలం దాకా ఉన్న సుమారు 50 కిలోమీటర్లు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోంచి పోతుందది. దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో అదే పెద్దది. అందుకే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. తెలిసినవాళ్లు దోర్నాలలోనే ట్యాంకు నింపుకుంటారు. బయల్దేరే ముందు చైను మధ్యలో వేలితో పైకెత్తి చూస్తారు. అంగుళం మించి లేస్తే బిగించుకుంటారు. దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదలరు. సెకండ్ గేర్‌లో ఉంచితే ఇంజనే పట్టి ఆపుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. పెట్రోలు మిగులుద్దామని ఇంజన్ ఆపి దొర్లించినవాడికి నాలుగు మలుపులు తిరిగేసరికి బ్రేకు షూ మాడిన వాసన ముక్కుకు కొడుతుంది. ఆ వాసన వచ్చిందంటే బండి పక్కకు తీసి ఆగాల్సిందే.

అడవిలో ఇంకో మర్యాద కూడా ఉంది. కోతులు కనిపించాయని అరటిపళ్లు, బిస్కెట్లు విసరకూడదు. తిండి కోసం రోడ్డెక్కడం మరిగిన జంతువు ఏదో ఒకరోజు ఏ లారీ కిందో పడుతుంది. సైలెన్సర్ మార్పించి పటపటలాడిస్తూ పోయే బండి ఊళ్లోనూ నేరమే, అడవిలో మరీ. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనక కూర్చున్నవాళ్లకు కూడా, హెల్మెట్ ఉండాలని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. శ్రీశైలం మొక్కుకు పోతూ ముగ్గురు ఎక్కిన బండి మీద ఒక్క హెల్మెట్ కూడా కనిపించని రోజులు ఇంకా పోలేదు.

బైకు టూరింగ్ మగపిల్లల వ్యవహారమనీ, డబ్బున్నవాళ్ల వ్యవహారమనీ అనుకునేవాళ్లకు 2018 నాటి ఒక ప్రయాణం గుర్తు చేయాలి. హైదరాబాద్ ఆర్కిటెక్ట్ జై భారతి మరో ముగ్గురు మహిళలను కూడగట్టుకుని తెలంగాణ పర్యాటక శాఖ తోడ్పాటుతో బైకుల మీద ఆరు దేశాలు తిరిగి వచ్చారు. దాదాపు 17 వేల కిలోమీటర్లు. మెకాంగ్ నది వెంట ఆగ్నేయాసియా చూసొచ్చిన ఆ జట్టులోని పియా బహదూర్ తర్వాత ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. జై భారతి ఆ తర్వాత ఆడపిల్లలకు బండి నేర్పడమే పనిగా పెట్టుకున్నారు. సరదాగా మొదలైంది ఎంతోమందికి ఉపాధి దారి చూపించే పని అయింది. సరదాను సరిగ్గా పట్టించుకుంటే అది ఎంత దూరం పోతుందో చెప్పడానికి మన దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడే కాస్త ఆగి మాట్లాడుకోవాలి.

పశ్చిమ ప్రకాశంలో నీళ్లంటే ఆటవస్తువు కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరి, పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన మనుషులున్న ప్రాంతమిది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూనే ఇక్కడ ఒక తరం పెద్దదైంది. సాగర్ కుడి కాలువలో నీళ్లు వదిలారంటే కురిచేడు, దర్శి ప్రాంతాల్లో అది వార్త. ఆ నీళ్లతోనే ఊళ్ల సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపుకుంటారు. వేసవంతా బిందెల్లోకి వచ్చేది అవే. పాత టూ స్ట్రోక్ జెట్ స్కీ ఇంజన్లు పూర్తిగా కాలని పెట్రోలునూ ఆయిల్‌నూ కొంత నీళ్లలోనే వదిలేస్తాయి. కొత్త ఫోర్ స్ట్రోక్ బండ్లు నయమే కానీ, తాగే నీళ్ల మీద ఇంజన్ పెట్టే హక్కు ఎంత కొత్త బండికీ లేదు.

పైగా కాలువ ప్రాణాల మీదికి తెచ్చే చోటు. లైనింగ్ చేసిన గట్టు ఏటవాలుగా ఉంటుంది, నాచు పట్టి సబ్బు రాసినట్టు జారుతుంది. దిగడం తేలిక, ఎక్కడానికి పట్టు దొరకదు. పైనుంచి నిదానంగా కనిపించే ప్రవాహం నడుము లోతులోనే కాళ్లు లాగేస్తుంది. ఎండాకాలం సెలవుల్లో ఈతకు దిగి కొట్టుకుపోయిన పిల్లల కథలు సాగర్ కాలువ వెంట ఉన్న ఏ ఊరిని అడిగినా చెబుతారు. అలాంటిచోట యంత్రం కూడా దింపుతామంటే ఎవరూ ఒప్పుకోకూడదు.

కంభం చెరువుది మరో కారణం. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువది. ఆసియాలోనే పెద్ద పాత చెరువుల్లో ఒకటిగా పేరుపడింది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది పోరుమామిళ్ల చెరువుకూ, కేసీ కాలువకూ ఆ గుర్తింపు దక్కింది. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో కంభం చెరువు అడుగు కనిపిస్తుంది. నిండిన ఏడు దాని కింద రైతుకు అదే పండగ. తెడ్డు పడవలు, పెడల్ బోట్లు తిరిగితే చెరువుకూ నష్టం లేదు, వలస వచ్చే పిట్టలకూ బెదురు లేదు. ఇంజన్ శబ్దం మాత్రం వద్దు. రేపు వెలిగొండ ప్రాజెక్టు జలాశయం నల్లమల సాగర్ నిండితే అక్కడా ఇదే కోరిక పుడుతుంది. అప్పుడూ ఇదే జవాబు చెప్పాలి. శ్రీశైలం, సాగర్ జలాశయాల ఒడ్డున పులుల అడవి, నీళ్లలో మొసళ్లు. అక్కడ నాగార్జునకొండకు పోయే లాంచీ సరిపోతుంది.

తూర్పుకు పోదాం. కురిచేడు నుంచి దర్శి, చీమకుర్తి, ఒంగోలు మీదుగా కొత్తపట్నం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక పూట బండి ప్రయాణానికి చక్కని దూరం. చీమకుర్తి దగ్గర గ్రానైట్ రాళ్లు మోసే లారీలతో జాగ్రత్త, అంతే. వెనక టైర్లకు దగ్గరగా పోతే దుమ్ము కళ్లలో కొడుతుంది, డ్రైవరుకు బైకు కనిపించదు.

అయితే బైకు బాగా నడిపేవాడు జెట్ స్కీ కూడా బాగా నడుపుతాడనుకోవడం ప్రమాదం. ఇది అందరికీ తెలియాల్సిన సంగతి. రోడ్డు మీద ఎదురుగా ఏదైనా వస్తే చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ వదిలేస్తుంది, కాలు బ్రేకు మీదికి పోతుంది. ఏళ్ల అలవాటది. జెట్ స్కీ మీద అదే పని చేస్తే కొంప మునుగుతుంది. దానికి చుక్కాని ఉండదు. కడుపులోని పంపు నీళ్లు పీల్చి వెనక గొట్టంలోంచి బలంగా చిమ్ముతుంది. హ్యాండిల్ తిప్పితే ఆ గొట్టం తిరుగుతుంది, దాంతో బండి తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే చిమ్మే ధార ఆగిపోతుంది. ధార లేకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిరగదు, ఉన్న వేగంతో నేరుగా పోయి గుద్దుకుంటుంది. తప్పించుకోవాలంటే యాక్సిలరేటర్ కొంత పట్టుకునే తిప్పాలి. సీ-డూ 2009లో బ్రేకు ఉన్న మోడళ్లు తెచ్చింది కానీ, అద్దెకు దొరికే బండ్లన్నిటికీ అది ఉంటుందన్న భరోసా లేదు.

ఇంకో చిన్న వస్తువు ఉంది, స్ప్రింగులా చుట్టుకున్న ఎర్రటి తాడు. ఒక కొస నడిపేవాడి మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో కడతారు. రెండో కొసనున్న క్లిప్పు హ్యాండిల్ దగ్గర ఎర్ర బటన్ కింద దూర్చాలి. మనిషి నీళ్లలో పడగానే క్లిప్పు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. అది కట్టుకోకపోతే మనిషి ఒకచోట, పరుగెత్తే బండి ఇంకోచోట. బండి తిరగబడితే ఎటువైపు తిప్పి నిలబెట్టాలో వెనక స్టిక్కర్ మీద బాణం గుర్తుతో ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనక నుంచే ఎక్కాలి. ఇవన్నీ చెప్పడానికి పావుగంట చాలు. ఆ పావుగంట తీసుకోని ఆపరేటర్ దగ్గర టికెట్ కొనకపోవడం మంచిది.

2024 మార్చిలో అమెరికాలోని ఫ్లోరిడాలో అద్దె జెట్ స్కీ మీద వెళ్లిన తెలంగాణ విద్యార్థి ఒకరు మరో జెట్ స్కీని ఢీకొని చనిపోయారు. అది నియమాలు లేని చోటు కాదు. 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అక్కడ మోటారు పడవ నడపాలంటే భద్రతా పాఠం చదివి కార్డు తీసుకోవాలి. 18 ఏళ్లు నిండనివాళ్లకు జెట్ స్కీ అద్దెకు ఇవ్వకూడదు. పొద్దుగుంకిన అరగంట దాటాక నడపకూడదు. ఇన్ని ఉన్నచోటే అలా జరిగితే, ఏమీ లేనిచోట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒంగోలుకు ఈ నొప్పి బాగా తెలుసు. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా నదిలో పవిత్ర సంగమం చూడబోయిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా విహారానికి వచ్చినవాళ్లే. ఆ పడవకు అనుమతి లేదు. ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో పర్యాటక బోటు మునిగి ఎన్నో కుటుంబాలు నాశనమయ్యాయి. మధ్యలో 2018 నవంబరులో విజయవాడలో కృష్ణ మీద ఫార్ములా వన్ పవర్ బోట్ల పోటీ కూడా ఘనంగా జరిగింది. మూడు రోజుల పోటీకి అంతర్జాతీయ ప్రమాణాలు తేగలిగిన రాష్ట్రం, ఏడాది పొడుగునా మామూలు జనం ఎక్కే పడవకు మాత్రం జాకెట్ ఇప్పించలేకపోయింది. ఇది ఒక ప్రభుత్వానికో ఒక పార్టీకో అంటగట్టి తప్పుకునే సంగతి కాదు.

కాబట్టి కొత్తపట్నంలో జెట్ స్కీలు రావాలంటే ముందు మనుషులు తయారవ్వాలి, తర్వాతే యంత్రాలు. కేంద్ర పర్యాటక శాఖ కింద గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. ప్రాణరక్షణలో, మోటారు పడవలు నడపడంలో శిక్షణ ఇస్తుంది. కొత్తపట్నం తీరంలో సముద్రాన్ని చిన్నప్పట్నుంచీ చదువుకున్న మత్స్యకార యువకులున్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే కానీ, ఆ రెండు నెలలు వాళ్ల చేతిలో పని ఉండదు. సరిగ్గా అప్పుడే బడులకు సెలవులు, తీరానికి జనం తాకిడి. ఆ యువకుల్లో కొందరిని గోవా పంపి శిక్షణ ఇప్పించి, లైఫ్ గార్డులుగా, జెట్ స్కీ ఆపరేటర్లుగా కూర్చోబెడితే వాళ్లకు ఉపాధి, వచ్చేవాళ్లకు భద్రత. బయటి కాంట్రాక్టరు తెచ్చిన అనుభవం లేని కుర్రాడి కన్నా, అల రంగు చూసి లోతు చెప్పగలిగిన మనిషి వెయ్యి రెట్లు నయం.

పర్యాటక శాఖ ఇందులో ఒక విషయం మరిచిపోకూడదు. వల వేసే చోటికీ జెట్ స్కీ తిరిగే చోటికీ మధ్య తేలే బోయలతో హద్దు పెట్టాలి. ఒక్క వల తెగితే ఆ ఇంట్లో వారం రోజులు పొయ్యి వెలగడం కష్టం. ఈత కొట్టేవాళ్ల దరికి యంత్రం రాకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలంలో బండ్లు ఒడ్డునే ఉండాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం గాలి లేచేలోపు, ఉదయం పూటే ఆట ముగించాలి. ఆపదలో పరుగెత్తే రెస్క్యూ బోటు, ఒడ్డున అంబులెన్స్ లేని రోజు ఒక్క టికెట్ కూడా అమ్మకూడదు. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం నదుల్లో తిరిగే యంత్ర పడవలకు రిజిస్ట్రేషన్, భద్రతా నియమాలు చెప్పింది. తీరంలో తిరిగే ఈ చిన్న బండ్లకూ అంతే కచ్చితంగా ఉండే పద్ధతిని రాష్ట్రం పెట్టాలి.

జెట్ స్కీ సొంతంగా కొనాలన్న ఆశ చాలామందికి అందేది కాదు. మంచి బండి ధర పది లక్షలు దాటిపోతుంది. అద్దెకు తీసుకోవడమే మనకు దారి, అందుకే అద్దెకిచ్చే చోటు మంచిదై ఉండాలని ఇంత గట్టిగా అడగాల్సి వస్తోంది.

దీనికన్నా ముందు పని ఒకటి ఉంది. ఈత. కురిచేడు, దొనకొండ, త్రిపురాంతకం వైపు ఊళ్లలో పిల్లలకు ఈత నేర్చుకునే చోటంటే బావి, చెరువు, కాలువ. బావులు ఎండిపోయాయి, కాలువ మింగేస్తోంది. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్ కనీసం మార్కాపురం, దర్శి, గిద్దలూరుల్లో ఒక్కో ఈత కొలను కట్టి శిక్షకుణ్ని పెడితే జెట్ స్కీ ఎక్కినా ఎక్కకపోయినా కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. వంద బోర్డులు పెట్టి కాలువలో దిగవద్దని రాయడం కన్నా ఆ ఖర్చు సార్థకం.

జిల్లా కలెక్టర్లకూ, పర్యాటక శాఖకూ, దర్శి, మార్కాపురం, గిద్దలూరు శాసనసభ్యులకూ విన్నపం ఇదే. వచ్చే వేసవి సెలవులకు ముందే ఈత శిక్షణ మొదలుపెట్టండి, కొత్తపట్నం యువకుల మొదటి జట్టును గోవా పంపండి, కాలువలోనూ కంభం చెరువులోనూ ఇంజన్ పడవలకు అనుమతి ఇవ్వబోమని ముందుగానే ప్రకటించండి. బండి మీద బయల్దేరే కుర్రాళ్లకూ ఒక మాట. జాకెట్ ఇవ్వని, తాడు కట్టని, పావుగంట పాఠం చెప్పని చోట జెట్ స్కీ ఎక్కకండి. అలాంటి చోటు కంటపడితే ఫోటో తీసి అధికారులకు పంపండి, బండి తిప్పుకుని వచ్చేయండి.